గూడవల్లి రామబ్రహ్మముగారి చలనచిత్ర సేవ

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసపాఠము)



ఈ మహాసభయం దుపన్యసింపుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, ముప్పదిరెండు సంవత్సరములు బాలురకు శబ్దమంజరియు రఘువంశమును జెప్పి విశ్రాంతి పొందిన నాబోటివాడు కాళిదాసును గుఱించియో భవభూతిని గుఱించియో మాటలాడునని వారు తలచియుందురు. నేనొక చలనచిత్ర దర్శకుని గుఱించి ముచ్చటించెదనని తెలుపగా వారు కొంతతడవు మౌనము వహించిరి. ఆ దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మముగా రని చెప్పితిని. అంతట వారు నవ్వుచు నొక ప్రశ్న వేసిరి: "ఆయన మనవారేనా, మాస్టారూ?"

ఆ ప్రశ్నయందు తప్పు లేదు. కులసంఘ మహాసభలో, కులసంఘ సంచికలో, గొప్పవారి నామము వినబడినతోడనే ఎల్లరి మనస్సులలోను పుట్టెడి ప్రశ్నయే యది. నేనప్పుడు ప్రత్యుత్తర మీయలేదు. ఉపన్యాసాంతమున నిచ్చెదనని మాట యిచ్చితిని. ఆ ఋణమును తీర్చుటకు ముందు, ఆ మహనీయుని కథను మీకు విన్నవించుట నా విధి.

భరతముని నాట్యశాస్త్రమునం దాదియందే నాట్యోత్పత్తిని దెలుపు నొక కథ కలదు. ఇంద్రాదిదేవతలు బ్రహ్మకడ కేగి, వేదము వినుట కధికారము లేనివారు లోకమున గలరు గావున, అన్ని వర్ణములవారికిని చెందునట్టి పంచమవేద మొకదానిని సృజింపుమని వేడిరట. బ్రహ్మయు ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామమునుండి గీతమును, యజుస్సునుండి యభినయమును, అథర్వణమునుండి రసములను గ్రహించి నాట్యవేదమును నిర్మించెనట. అది సార్వవర్ణికమైన వేదము. ఆ గ్రంథము చివరనే మఱియొక కథయు గలదు. భరతుని పుత్రులు విద్యాగర్వమున ఋషులను పరిహసించుచు నాటకమాడగా, వారు కోపించి, ఈ నటులు తమ ద్విజత్వమును గోలుపోవుదురు గాకయని శపించిరట. మొదటి కథలో నాట్యము మూసియున్న తలుపును తెఱచుటకై పుట్టినది. చివరి కథలో పెద్దలను వేలెత్తి చూపినందులకు శాపము పొందినది. నేనీ గ్రంథమును బహుకాలము చదివితిని, చదివించితిని. కాని యీ రెండు కథలకును సంబంధ మేమో నాకు రామబ్రహ్మముగారి జీవితము నెఱిగినపిమ్మటనే బోధపడినది.

రామబ్రహ్మముగారు 1902వ సంవత్సరము జులై 28వ తేదీన కృష్ణామండలమున గుడివాడ ప్రాంతమునందలి నందమూరు గ్రామమున జన్మించిరి. కృష్ణాకాలువల నీటితో మాగాణి పండుచు, రైతుబిడ్డలు బడులకు పోనారంభించిన కాలమది. గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమము వచ్చినపుడు ఆయన చదువునకు స్వస్తి చెప్పి దేశసేవలో దిగిరి. పిదప పత్రికారచనయం దడుగిడి, సమదర్శిని, ప్రజామిత్ర పత్రికలకు సంపాదకులై, చెన్నపట్టణమున దెలుగు రచయితలకును, సంఘసంస్కర్తలకును, రాజకీయవాదులకును ఆప్తులైరి. ఆయన దర్శకత్వమును దెలిసికొనవలెనన్న నీ పత్రికాజీవితమును మఱవరాదు. పత్రికాసంపాదకుడు తాను వ్రాయుటకంటె నెవరిచేత నేమి వ్రాయింపవలెనో యెఱిగినవాడు. దినదినమును లోకమున నేమి జరుగుచున్నదో కనిపెట్టియుండువాడు. రామబ్రహ్మముగారు కలము విడిచి కెమెరాను బట్టినపుడును సంపాదకులుగానే యుండిరి.

నాటి తెలుగు చిత్రముల స్థితి యెట్టిది? 1932వ సంవత్సరమున హెచ్. ఎం. రెడ్డిగారి భక్తప్రహ్లాదతో తెలుగు తెర మాటలాడ నేర్చినది. అటుపిమ్మట కొన్ని యేండ్లు తెరపై దేవతలును రాక్షసులును దప్ప మానవులు మిక్కిలి యరుదు. రంగస్థలమున నాడుచున్న పౌరాణిక నాటకములనే, ఆ పద్యములతోనే, ఆ కిరీటములతోనే తెరపై కెక్కించుచుండిరి. 1936లో ప్రేమవిజయము, 1938లో గృహలక్ష్మి వంటి సాంఘిక చిత్రములు వచ్చుటతో తెర కొంత నేలకు దిగినది. రామబ్రహ్మముగారు పి. వి. దాసుగారి వేల్ పిక్చర్సువారియొద్ద చిత్రనిర్మాణపు పనులలో నారితేరి, చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాదుగారి యండతో సారథీ ఫిలింస్ సంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థవారి తొలిచిత్రము మాలపిల్ల. అది 1938వ సంవత్సరము సెప్టెంబరు నెలలో విడుదలయైనది.

ఈ నామమును నేడు మనము సులువుగా నుచ్చరించుచున్నాము. నా డా రెండు పదములను గోడపై నతికించుటయే సాహసము. 1932లో పూనా యొడంబడిక, 1933లో మహాత్ముని హరిజనయాత్ర ఆంధ్రదేశమున జరుగుట, 1936లో తిరువాన్కూరు మహారాజు దేవాలయద్వారములు తెఱపించుట, ఇవన్నియు దేశమును గదలించుచున్న దినములు. అయినను చెన్నరాష్ట్రమున ఆలయప్రవేశమునకు శాసనమింకను రాలేదు. మధురమీనాక్షి యాలయమున వైద్యనాథయ్యరుగారి నాయకత్వమున హరిజనులు ప్రవేశించినది 1939 జులైలో. అనగా శాసనమునకును, మధురాప్రవేశమునకును ముందే తెలుగు తెరపై దేవాలయద్వారము తెఱువబడినది!

కథ గుడిపాటి వెంకటచలముగారిది. చలముగారి పేరు వినిన సంప్రదాయజ్ఞులు చెవులు మూసికొనుచుండిన కాలము. మాటలు తాపీ ధర్మారావుగారివి. పాటలు ధర్మారావుగారివియు, అప్పటి కైదేండ్ల క్రిందటనే దివంగతులైన బసవరాజు అప్పారావుగారివియు. సంగీతము భీమవరపు నరసింహారావుగారిది. సుందరరామశాస్త్రి యను సదాచారపరుడైన బ్రాహ్మణునిగా గోవిందరాజుల సుబ్బారావుగారును, శంపాలత యను మాలపిల్లగా కాంచనమాలయు నటించిరి. హరిజనులు గుడిలోనికి రాగూడదని శాస్త్రిగారి పట్టుదల. ఆయన కుమారుడే శంపాలతను ప్రేమించి, ఊరు విడిచి యామెతో కలకత్తాకు బోవును. తుదకు శాస్త్రిగారి యిల్లు అగ్నిపాలుకాగా, మంటలలో జిక్కిన యాయన భార్యను హరిజన యువకుడు కాపాడును. శాస్త్రిగారి హృదయము మాఱును. గుడితలుపులు తెఱచుకొనును.

ఇందు రామబ్రహ్మముగారి నేర్పొకటి గమనింపుడు. శాస్త్రిగారి నాయన దుర్మార్గునిగా జిత్రింపలేదు. ఆ శాస్త్రిగారు నమ్మినదానిని నిజముగా నమ్మినవారు. చిత్రము చూచుచున్న సంప్రదాయజ్ఞుడు "ఈయన నేనే" యని తలచునట్లుగా ఆ పాత్రను దీర్చి, సుబ్బారావుగారివంటి మహానటునిచేత నాడించిరి. దుష్టుని జూచి మనము మాఱము. మనవంటి సజ్జనుడు పొరపాటు తెలిసికొనుట చూచిన, ఒకింత కదలుదుము. వాదమున నెగ్గుటకును, హృదయమున బ్రవేశించుటకును గల భేద మీ దర్శకుడు పత్రికారంగముననే నేర్చియుండును.

అయినను నేటి కన్నులతో జూచినపుడు నాకొక సంశయము దోచుచున్నది. దానిని దాచుట న్యాయము కాదు. మంటలలో దూకి యొక ప్రాణమును గాపాడినగాని ఆ యువకుడు గుడి మెట్టెక్కుటకు దగడా? మనము గర్భగుడి యెదుట నిలుచుటకు ఏ యగ్నిలో దూకితిమి? పుట్టుకతోనే చెందవలసినదానిని వారు పరీక్ష యిచ్చి సంపాదింపవలసి వచ్చుట, 1938లో ఆ చిత్రము వేయగలిగిన యడుగునకు హద్దు. ఆ హద్దు దర్శకునిది మాత్రమే కాదు, ప్రేక్షకులది. అంతకు మించి చూపిన వారు కుర్చీలనుండి లేచిపోయెడివారు.

భాషను గుఱించి రెండుమాటలు. అంతవఱకు తెలుగుచిత్రములందలి పాత్రలు పుస్తకములవలె మాటలాడుచుండెడివి. గిడుగు రామమూర్తి పంతులుగారి శిష్యులైన ధర్మారావుగారిచేత రామబ్రహ్మముగారు ఇంటిలో మాటలాడునట్టి తెలుగును వ్రాయించిరి. ఇంతవఱకును గ్రాంథికమున నుపన్యసించుచున్న నేను దానిని ప్రశంసించుట మీకు వింతగా నుండవచ్చును. ఈ వ్యాకరణము నాకు గురువులిచ్చిన సొత్తు, విడువలేకున్నాను. కాని గుడిముంగిట నిలిచిన బీదరాలు చిన్నయసూరిగారి వ్యాకరణము ప్రకారము దుఃఖింపదు. సంస్కృతనాటకములలో సయితము స్త్రీలును సేవకులును ప్రాకృతము మాటలాడుదురు. ప్రాచీనులు లోకధర్మమని దేనిని మన్నించిరో, దానినే రామబ్రహ్మముగారు తెలుగుతెర కిచ్చిరి. ప్రాకృతము మాటలాడువారికే ప్రధానపాత్ర నిచ్చుట మాత్ర మాయన సొంతము.

మా తాతగారు మాలపిల్లను బెజవాడలో జూచిరి. ఆ కథను ఆయన నా చిన్నతనమున ననేకపర్యాయములు చెప్పిరి. చిత్రము చూచి రాత్రి యింటికి వచ్చునప్పటికి మా ముత్తవ్వగారు వాకిటనే యడ్డగించి, నూతికడ తలస్నానము చేసి మడిబట్ట కట్టుకొని గాని లోపలికి రావలదని శాసించిరట. తాతగారు మాఱుపలుకక నాలుగు చేదలు తలపై గ్రుమ్మరించుకొనిరి. "తల కడుగుకొంటినిరా అబ్బాయీ, కన్నులు కడుగుకొనలేకపోతిని" అని ఆయన నవ్వుచు ముగించెడివారు. నేను సంస్కృతపాఠశాల విద్యార్థినై యున్న యా దినములలో నాకది ముసలివారి హాస్యముగనే తోచెడిది.

సోదరులారా! ఇచ్చట నా జీవితమునందలి యొక యపరాధమును మీకు నివేదింపవలెను. 1986వ సంవత్సరమున నేనొక గ్రామోన్నత పాఠశాలలో సంస్కృతోపాధ్యాయుడనై చేరితిని. సాయంకాలములందు నా యద్దెయింటి యరుగుపై నైదాఱుగురు బాలురకు రుసుము లేకుండ శబ్దములు చెప్పుచుంటిని. మాలపల్లెనుండి యొక బాలుడు వచ్చి, తానును నేర్చుకొనెద నని యడిగెను. ఉచ్చారణ నిర్దుష్టము, ధారణ యసాధారణము. నేను సంతోషముతో రమ్మంటిని. రెండవనాడు ఇంటి యజమాని నన్ను బిలిచి, అరుగుమీదికి మాత్ర మతనిని రానీయవలదని మెల్లగా జెప్పెను. నేను వాదింపలేదు. ఆ బాలునితో, "నీవు మెట్టుమీద గూర్చుండుము నాయనా, గాలి బాగుగా వచ్చును" అంటిని. గాలి సంగతి యతనికి దెలియును, నాకును దెలియును. మఱి నెలదినము లతడు మెట్టుమీదనే కూర్చుండి విభక్తులు వల్లించెను. ఒకనాటినుండి రాలేదు. ఎందుకు రాలేదని నేను వెదకి యడుగలేదు. అడిగిన నేమి చెప్పునో నాకు దెలియును గనుక నడుగలేదు.

చాలకాలము దానిని యజమాని దోషమనియే సమాధానపఱచుకొంటిని. ఇల్లతనిది కావచ్చును. పాఠము నాది కదా! ఊరిలో వేఱొక చెట్టునీడ లేదా? బడి యరుగు లేదా? నాకు లేనిది స్థలము కాదు. తాతగారు నాలుగు చేదలనీళ్లు పోసికొనియు గడుగుకొనలేనిదానిని నేను ఒక్క మాటతో గడుగుకొంటిని. నాట్యశాస్త్రపు మొదటి కథను తరగతిలో నెన్నియో పర్యాయములు చెప్పిన నోటితోనే ఆ మాట యంటిని. అందుచేతనే రామబ్రహ్మముగారి నామము నాకు చరిత్రపుటలోని నామము మాత్రమే కాదు.

ఇక ప్రకృత మనుసరింతము. మాలపిల్ల ఘనవిజయము పొందినది. విజయము పొందిన నిర్మాత సాధారణముగా నదే త్రోవను సురక్షితముగా బోవును. రామబ్రహ్మముగారు మఱుసటి యేడే, 1939లో, అంతకంటె బలవంతులను గదలించిరి. ఆ చిత్రము రైతుబిడ్డ. మాలపిల్ల యాచారమును ప్రశ్నించెను. రైతుబిడ్డ భూమిని ప్రశ్నించెను. ఆచారమును ప్రశ్నించినవానిని జనులు తిట్టుదురు. భూమిని ప్రశ్నించినవానిని ప్రభువులే పట్టుకొందురు.

1937లో కాంగ్రెసు ప్రభుత్వమేర్పడగా, జమీందారీ రైతుల బాధలను విచారించుటకై టంగుటూరి ప్రకాశంపంతులుగారి యధ్యక్షతను సంఘమేర్పడినది. ఆచార్య రంగాగారు మొదలగువారి రైతూద్యమము పల్లెపల్లెకు ప్రాకినది. ఆ వేడి చల్లారకుండగనే రైతుబిడ్డ తెర కెక్కినది. అప్పులలోను, ఎన్నికలలోను, శిస్తులోను జమీందారు మనుష్యులచేత జిక్కిన రైతు తన స్వాతంత్ర్యమును నిలుపుకొనుట యందలి వస్తువు. ఓటు చిన్నకాగితమే, కాని దానిని తన యిచ్చవచ్చినట్లు వేసిన రైతు పడిన పాట్లే చిత్రమంతయును. రైతుగా మహానటులు బళ్లారి రాఘవగారు నటించిరి. టంగుటూరి సూర్యకుమారి యందు బాడి నటించినది. రచనలో త్రిపురనేని గోపీచందుగారు పాలుగొనిరి. పిమ్మట తెలుగుచిత్రములలో జానపదపు నుడికారమునకు మాఱుపేరైన కొసరాజు రాఘవయ్యచౌదరిగారు పాటలు వ్రాయ మొదలిడినది యీ చిత్రముననే. ఎవరిచేత నేమి వ్రాయింపవలెనో యెఱిగిన సంపాదకు డని నేనంటిని, సాక్ష్య మిదియే.

కొందఱు జమీందారులు దీనిపై గన్నెఱ్ఱ చేసిరి. కొన్నిచోట్ల ప్రదర్శనము నిలిచిపోయినది. ఇందొక విచిత్రము గలదు. ఈ చిత్రమును దీసిన సారథీ సంస్థకు బ్రాపైనవారు స్వయముగా జమీందారులు, చల్లపల్లి ప్రభువులు! ఇది వారి యౌదార్యమా, వ్యాపారమా, రామబ్రహ్మముగారి వాక్చాతుర్యమా యని తర్కింపవచ్చును. మూడును గలసియుండునని నా యూహ. ఏదెట్లున్నను, తాను గూర్చున్న కొమ్మను గుఱించియే నిర్భయముగా మాటలాడగల దర్శకుడును, ఆ మాటలకు ధనమిచ్చిన ప్రభువును ఒక్కచోట గలియుట మన చిత్రచరిత్రలో మిక్కిలి యరుదు. జమీందారీలు చెన్నరాష్ట్రమున రద్దగుటకు శాసనము 1948లో వచ్చినది. దానిని చూచుటకు రామబ్రహ్మముగారు లేరు.

తరువాతి చిత్రములను ద్వరగా దాటెదను. 1940లో ఇల్లాలు, 1941లో అపవాదు వచ్చినవి. ఇల్లాలు చిత్రమునకు సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతము లలితగీతమునకు గ్రొత్తత్రోవ చూపినది. 1942లో కణ్ణకి కథను పత్ని యను పేర దీసిరి. అది యుద్ధకాలము. జపానువారి బాంబులకు వెఱచి ఆ యేటి వేసవిలో చెన్నపట్టణము సగము ఖాళీయైనది. ముడిఫిల్మునకు గొఱత వచ్చినది. 1943లో పంతులమ్మ, 1945లో కాంభోజరాజు కథయైన మాయాలోకము వెలువడినవి. మాయాలోకము జానపదము. సంస్కర్త మాయల లోకమున బ్రవేశించెనేమి యని యాక్షేపింపవచ్చును. చిత్రము తీయుటకు ధనము కావలెను, ధనము రావలెనన్న జనులు రావలెను. ప్రతిపుటయందును సంపాదకీయమే యుండు పత్రిక నెవ్వరు చదువుదురు? ఆయన జనులను విడువలేదు; వారిచేత విడువబడలేదు.

ఆయన చివరగా జేపట్టినది పల్నాటియుద్ధము. ఈ వస్తువు నేల యెన్నుకొనిరో యూహించుట కష్టము కాదు. పల్నాటి వీరగాథ యన్నదమ్ముల పోరు మాత్రమే కాదు. మాచెర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు చాపకూడను పేర నన్నికులములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టి భోజనము పెట్టెను. మాలకులజుడైన కన్నమదాసును పుత్రసమానునిగా జూచి సేనాపతిని జేసెను. నేటికిని కారెంపూడిలో వీరుల గుడియందు ప్రతివర్ష ముత్సవము జరుగుచునే యున్నది. 1938లో గుడితలుపు తెఱచిన దర్శకుడు, ఎనిమిదేండ్లకు, అది తన సొంత కల్పన కాదనియు, తెలుగునేలమీద నెనిమిదివందల యేండ్ల క్రిందట జరిగినదనియు జనులకు జూపదలచిరి. "ఇది పాశ్చాత్యుల విద్య" యని యాక్షేపించువారికి ఇంతకంటె దగిన సమాధానము లేదు. గోవిందరాజుల సుబ్బారావుగారు బ్రహ్మనాయుడు, కన్నాంబగారు నాగమ్మ, అప్పటికి నవయువకుడైన అక్కినేని నాగేశ్వరరావుగారు బాలచంద్రుడు. ఒకప్పుడు గుడితలుపు మూసిన శాస్త్రిగా నటించిన సుబ్బారావుగారే యిప్పుడు చాప పఱచిన బ్రహ్మనాయుడగుట నాకు మిక్కిలి మనోహరముగ దోచును.

చిత్రము పూర్తికాకుండగనే రామబ్రహ్మముగారు 1946వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన స్వర్గస్థులైరి. నలువది నాలుగేండ్ల వయస్సు. మిగిలిన భాగమును ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేయగా, 1947లో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన యేట, అది విడుదలయైనది. పఱచిన చాపను వేఱొకరు వచ్చి సరిచేసి, వడ్డన సాగించిరి. ఆయన పెట్టిన సారథీ నామము మాత్రము చిరకాలము నిలిచి, పిమ్మట హైదరాబాదునందలి స్టూడియోకు నామమైనది.

ఎనిమిది తొమ్మిదేండ్లలో ఎనిమిది చిత్రములు! సంఖ్యనుబట్టి యెంచిన నాయనకంటె నధికముగా దీసినవా రనేకులు కలరు. అందము, సాంకేతికము, నిడివి మొదలగువానిలో పిమ్మటివారు మిన్నలైరనుటలో నసత్యము లేదు. ఆయన దర్శకత్వమున నాటకపుటెత్తుగడలు కలవు, ఉపన్యాసములు కలవు. కాని తెలుగుచిత్రము తన చుట్టునున్న యూరిని జూడగలదనియు, అట్లు చూచినను జనులు టిక్కెట్టు కొని వత్తురనియు నిరూపించిన ప్రథములలో నాయన యగ్రగణ్యులు. దేవతలవేషము తీసివేసి, మాలపల్లెలోని పిల్లను, పొలములోని రైతును నాయికానాయకులను జేసిన ధైర్య మాయనది.

ఇక నా ఋణము. "ఆయన మనవారేనా?" యని కార్యదర్శిగారడిగిరి. రామబ్రహ్మముగారు నందమూరున నే కులమున జన్మించిరో పుస్తకములలో నున్నది, కావలసినవారు చూచుకొనవచ్చును. ఈ వేదికపై నేను చెప్పను. ఔనని చెప్పితినేని మీరు కరతాళధ్వనులు చేసి, ఆయన పటమునకొక పూలమాల వేసి, భోజనమునకు లేతురు. కాదని చెప్పితినేని పూలమాల వేయకయే లేతురు. రెండింటను మాలపిల్ల మాత్రము వాకిటనే నిలిచియుండును. జన్మచేత నాయన మనవారగుట మన చేతిలో లేదు. ఆయన చేసినదానిచేత నాయనను మనవారిని జేసికొనుట మన చేతిలో నున్నది.

రేపటి సమావేశమున మన విద్యార్థి వసతిగృహ నిబంధనలు చర్చకు రానున్నవి. గడచిన రెండేండ్లుగా గదులు కొన్ని ఖాళీగా నున్నవని నివేదికలో మనమే యచ్చొత్తించితిమి. నాదొక్కటే విన్నపము. ఖాళీ గదులను బీదవిద్యార్థులకు, వారే కులమువారైనను, ముఖ్యముగా దళితవిద్యార్థులకు, ఇచ్చుటకు నిబంధనను సవరింపుడు. వారికి వేఱు వరుస కాదు. మన పిల్లల పంక్తియందే విస్తరి వేయింపుడు. ఇందువలన మన సంఘపు గౌరవమునకు భంగము రాదు. కొందఱు పెద్దలకు గష్టముగా నుండునని నే నెఱుగుదును. మా ముత్తవ్వగారు దుష్టురాలు కారు. మాలపిల్లలోని శాస్త్రిగారును దుష్టులు కారు. మంచివారే యడ్డుగ నిలిచిన తలుపును దెఱచుట మంచివారికే సాధ్యము.

ఆ తీర్మానము నెగ్గినచో ఆ పిల్లలకు సంస్కృతమునో, తెలుగునో, వారు కోరినదానిని సాయంకాలములందు నేర్పుటకు నేను వత్తును. ఈ పర్యాయము మెట్టుమీద నేను గూర్చుందును.